త్రాగుబోతునకు తాళము వైద్యమా?

త్రాగుడు మరిగిన కొడుకునకు పెండ్లి చేయుట. పెండ్లాము వచ్చినను మాననివానికి మాల వేయించుట. మాల తీసిన మఱునాడే సీసా పట్టినవానికి ఎవరో చెప్పిన చూర్ణమును పప్పులో కలిపి పెట్టుట. దానికిని లొంగనివానిని గదిలో పెట్టి తాళము వేయుట. తాళము పగులగొట్టుకొని పోయినవానిని, రాత్రివేళ నలుగురు మనుష్యులు బండిలో వచ్చి యెత్తుకొనిపోవు ఏదో యొక కేంద్రమున కప్పగించి, నెలకింత యని రుసుము కట్టి, ఇరుగుపొరుగువారితో "ఉద్యోగమునకై పైయూరు వెళ్లినాడు" అని చెప్పుట. మన మధ్యతరగతి గృహములలో ఈ వ్యాధికి వాడుకలోనున్న వైద్యశాస్త్రమంతయు నింతియే. దీనికొక క్రమము కలదు గాని, ఆ క్రమము రోగి శరీరస్థితినిబట్టి యేర్పడినది కాదు. ఇంటివారి యోర్పునుబట్టి యేర్పడినది. ఓర్పు తఱిగినకొలది శిక్ష పెరుగును. దీనికే మనము చికిత్స యని పేరు పెట్టుకొన్నాము.

పరులను నిందించుట సులభము. ఆ తాళము వేసినవారిలో నేనును ఒకడను. నా మేనత్త కుమారుడు ఒక ధాన్యపు కొట్టులో గుమాస్తాగా నుండెడివాడు. పదునైదేండ్లుగా ఉదయము లేచినది మొదలు త్రాగువాడు. ఒక యుగాదినాడు పెద్దలము నలుగురము కూర్చుండి, అతనిచేత దీపము ముందర ప్రమాణము చేయించి, పదిదినములు గదిలో నుంచినచో ఒంటిలోని విషమంతయు దిగిపోవునని నిశ్చయించితిమి. ఆ సలహా చెప్పినది నేనే; చదువుకొన్నవాడనని నా మాట చెల్లినది. తొలినాటి సాయంకాలమునకు చేతులు వడకెను, నాటకమంటిమి. రెండవనాడు మూర్ఛ వచ్చెను. తాళపుచెవులగుత్తి చేతిలో పెట్టితిమి. మూడవరాత్రి గోడలపై పాములు ప్రాకుచున్నవని కేకలు వేసి, ఎన్నడో చనిపోయిన తండ్రితో మాటలాడ మొదలిడెను, భూతవైద్యుని పిలిపించితిమి. నాలుగవనాటి యుదయము పట్టణమునందలి ఆసుపత్రికి కొనిపోవుచుండగా దారిలోనే ప్రాణము పోయెను. త్రాగి చచ్చినాడని ఊరంతయు ననుకొన్నది. అతడు త్రాగి చావలేదు. త్రాగుడు ఒక్కసారిగా మాని చచ్చెను. అతని భార్య నన్నేమియు ననలేదు. ఏమైన ననియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఇందులో వింత యేమియు లేదు. వైద్యులకు చిరకాలమునుండి తెలిసిన సంగతియే. మద్యము మెదడును మందగింపజేయు పదార్థము. అది ప్రతిదినము వచ్చి పడుచుండగా మెదడు దాని నెదిరించి నిలువదలచి తన వేగమును హెచ్చించుకొనును. ఏటి కెదురుగా ఏండ్లతరబడి తెడ్డు వేయుచున్న పడవవానికి ఒక్క క్షణములో ఏరు నిలిచిపోయినచో పడవ ముందునకు దూకదా? మద్యము తటాలున నిలిచినపుడు మెదడును అట్లే పట్టుదప్పి పరుగెత్తును. కడపటి గ్రుక్క దిగిన ఆఱేడు గంటలకు వడకు, చెమట, వాంతి, నిద్రలేమి; తొలి రెండుదినములలో మూర్ఛలు; రెండవదినము మొదలు నాలుగవదినములోపల సన్నిపాతము. ఈ కడపటిది అందఱకును రాదు. వచ్చినవారికి మాత్రము వైద్యము లేనిచో ప్రాణాపాయము. మఱి దీనికి మందు లేదా యనిన, కలదు. డయజిపాము, క్లోర్డయజిపాక్సైడు అను మాత్రలను తగిన మోతాదులో మొదలుపెట్టి, దినదినము తగ్గించుచు, వారము పదిదినములలో మాన్పింతురు. థయామిన్ అను విటమినును సూదిమందుగా నిత్తురు. సరిగా నన్నము తినని త్రాగుబోతున కా విటమిను లోపించినచో మెదడు శాశ్వతముగా చెడవచ్చును. అందుచేతనే, నీరసముగా నున్నాడని థయామిన్ ఇయ్యకమున్నే గ్లూకోసు సీసా నెక్కించుటయు కీడు చేయును. ఇవి ధనికులకు మాత్రము దొరకు మందులు కావు. మేము భూతవైద్యునికిచ్చిన సంభావనలో వచ్చెడివి.

ఇంతవఱకు విని కొందఱు, "అట్లయిన త్రాగువారినందఱిని ఆసుపత్రిలో చేర్పింతము" అందురు. ఇదియు తాళమునకు తోబుట్టువే. త్రాగువారందఱును ఒక్క తీరువారు కారు. అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థవారు కేంద్రప్రభుత్వము కొఱకు జరిపి 2019లో ప్రకటించిన గణనప్రకారము మన దేశమున త్రాగుడువలన చెడుచున్నవారు 5 కోట్ల 70 లక్షలమంది. వారిలో శరీరమే మద్యమునకు బానిసయైనవారు 2 కోట్ల 90 లక్షలు. అనగా తక్కిన సగముమంది ఇంకను ఆ గీత దాటలేదు. వీరిని మంచమున పండబెట్టి సూదిమందు లేల? వీరికి కావలసినది తమ లెక్క తమకు చూపి, నిర్మొగమాటముగా, అవమానింపక మాటలాడు మనిషి. గోవారాష్ట్రమున ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో, వైద్యులు కాని స్థానికులకు శిక్షణ నిచ్చి, హానికరముగా త్రాగు పురుషులతో నాలుగుసార్లకు మించకుండ మాటలాడించిరి. మూడు నెలలకు చూడగా వారిలో నూటికి 36 మంది ఆ హానికరమైన త్రాగుడునుండి బయటపడిరి; ఆ సంభాషణ లేనివారిలో 26 మంది. ఈ సంగతి 2017లో ప్రకటితమైనది. పదిమంది యధికమా యని నవ్వువారు నవ్వవచ్చును. తాళమువలన ఎందఱు బాగుపడిరో ఆ లెక్కయైనను వారు చూపవలెను గదా!

లండనులో జరిగిన మఱియొక పరీక్షయు చెప్పదగినది. నూరుగురు వివాహితులైన త్రాగుబోతులను రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి ఏడాదిపాటు వైద్యశాలలోని సకలసహాయమును అందుబాటులో నుంచిరి. రెండవ భాగమువారిని భార్యలతో గూడ పిలిచి, ఒక్క పూట హితవు చెప్పి పంపిరి. 1977లో వారు ప్రకటించిన దేమనగా, ఏడాది తిరిగినపిమ్మట రెండు భాగములకును చెప్పుకోదగిన తేడా కానరాలేదు. దీనినిబట్టి వైద్యము వ్యర్థమనువాడు మూర్ఖుడు. వారు ఇల్లును భార్యయు గలవారని మఱువరాదు. ఎక్కువ ఖర్చు, ఎక్కువ దినములు, ఎక్కువ కట్టుబాటు ఉన్నచోటనే ఎక్కువ వైద్యము జరుగునను మన గృహస్థుల నమ్మకమునకు మాత్రము ఇది చెంపపెట్టు.

కాబట్టి మొదట అడుగవలసిన ప్రశ్న "ఎక్కడ చేర్పింతము?" అనునది కాదు. "వీడే మెట్టున నున్నాడు?" అనునది. అమెరికాలో వ్యసనవైద్యుల సంఘమువారు 1991లో ఒక పద్ధతి నేర్పఱచి నాటినుండి దానిని సవరించుకొనుచు వచ్చుచున్నారు. దాని సారమును మన యింటి మాటలలో చెప్పెదను. మానినచో మూర్ఛయో సన్నిపాతమో వచ్చు భయమున్నదా? పూర్వ మెప్పుడైన వచ్చినదా? కాలేయము, గుండె చెడినవా? మనస్సు నిలుకడగా నున్నదా, చావుమాటలు మాటలాడుచున్నాడా? మానవలెనని వానికే కొంతయైన నున్నదా? మానినపిమ్మట మరల జారు ప్రమాద మెంత? తిరిగి వచ్చి నిలువవలసిన యిల్లు ఎట్టిది? ఈ ప్రశ్నలకు వేర్వేరుగా జవాబు వచ్చును గాని ఒక్క జవాబు రాదు. ప్రపంచారోగ్యసంస్థవారి పది ప్రశ్నల పట్టిక యొకటి కలదు; దానిలో నలువదికి ఇరువది గాని, అంతకు మించి గాని మార్కులు వచ్చినచో శరీరము లొంగిపోయినదేమో యని వైద్యునిచేత పరీక్ష చేయింపవలెను. ఎనిమిది మొదలు పదునైదువఱకు వచ్చినవానికి హితబోధయే తొలి చికిత్స.

శరీరము లొంగినను, పూర్వము మూర్ఛలు రానివాడు, వేఱు రోగములు లేనివాడు, ఇంటిలో మాత్రలను లెక్కపెట్టి ఇచ్చు తెలివిగల మనిషి యున్నవాడు, దినమునకొకసారి వైద్యునికి కనబడుచు ఇంటియొద్దనే మానవచ్చును. అది తాళములేని యిల్లు; మందుగల యిల్లు. పూర్వము మూర్ఛయో సన్నిపాతమో వచ్చినవానిని, ముదుసలిని, గర్భవతిని, కామెర్లు తేలినవానిని, ఉరిత్రాడు వెదకినవానిని, ఇంట దిక్కులేనివానిని మాత్రము ఆసుపత్రియందే యుంచి మాన్పింపవలెను. గర్భవతి యన్నందుకు ముక్కుపై వ్రేలు వేసికొనకుడు. త్రాగు స్త్రీలు మన దేశమున కలరు. వారి రోగమును మనము దాచిపెట్టుటచేత వారు వైద్యుని ముఖమే యెఱుగరు. ఇక దేహమున ప్రమాదము తీఱినను, తిరిగివచ్చిన వీథిలోనే నాలుగు కల్లుదుకాణములును నలుగురు చెలికాండ్రును కాచుకొనియున్నవానికి, కొన్ని నెలలు వేఱుచోట నివసించి క్రమముగా బ్రదుక నేర్చుకొను నివాసకేంద్రము తగును. ఈ కేంద్రములు అక్కఱలేదని నేననను. చేరువాడు తెలిసి చేరవలెననియు, వైద్యుడు చూచి పంపవలెననియు మాత్రమే నా వాదము.

తెలంగాణమువారి కిచ్చట ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలెను. "మావాడు బ్రాంది ముట్టడు, వట్టి కల్లే" యని ధైర్యపడు తల్లులు పెక్కురు. ఆ కల్లు ఈతచెట్టునుండి దిగినట్లే యున్నచో వారి ధైర్యమునకు కొంత యర్థముండును. క్లోరలు హైడ్రేటు, డయజిపాము, ఆల్ప్రజోలాము కలిపిన కల్తీకల్లు ఏండ్లతరబడి త్రాగినవాడు కల్లునకు కాదు, ఆ మందులకు బానిస. 2015 సెప్టెంబరులో నిజామాబాదు మొదలగు జిల్లాలలో అధికారులు కల్తీని అడ్డగింపగా, వందలకొలది జనులు మూర్ఛలతోను మతిచాంచల్యముతోను ఆసుపత్రులకు పరుగెత్తిరి. అట్టివానికి ఇంట తాళము వేయుట మద్యపాయికి వేయుటకంటెను ప్రమాదము. ఏలయన ఆ మందులను వైద్యుడు వారములతరబడి మెట్టుమెట్టుగా తగ్గించి మాన్పవలసియుండును. వైద్యుని యొద్ద "కల్లు త్రాగును" అని యూరకుండక, ఏ దుకాణపు కల్లో, ఎన్నేండ్లనుండియో చెప్పుడు.

మన సంస్కర్తలపైనను నాకొక ఫిర్యాదు కలదు. ఆ పంక్తిలో నేనును కూర్చున్నవాడనే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణము మూయించినపుడు మన మందఱము చప్పట్లు కొట్టితిమి, కొట్టదగినదే. 1993 అక్టోబరునుండి సారా నిషేధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. ఈ చరిత్ర చెప్పునపుడు మనము ఆదాయమునుగూర్చి, దొంగసారానుగూర్చి, రాజకీయములనుగూర్చి తర్కింతుము. దుకాణము మూసిన నాటిరాత్రి వడకుచు కూర్చున్న ఆ త్రాగుబోతునుగూర్చి ఎవరు తర్కించిరి? 2020 మార్చిలో కరోనా కారణముగా దేశమంతట దుకాణములు ఒక్కసారి మూతపడగా హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసికచికిత్సాలయమునకు ఇట్టి రోగులు గుంపులుగా వచ్చిరి. కేరళప్రభుత్వము వైద్యుని చీటీపై మద్యమిప్పింపబూనెను. మద్యము మందు కాదని వైద్యులు మొఱపెట్టిరి. ఏప్రిలు 2వ తేదీన హైకోర్టు ఆ యుత్తరువును నిలిపివేసెను. వైద్యులు చెప్పినది సత్యము. ఆ మందు ప్రతి తాలూకా ఆసుపత్రిలోను నిండుగా నుండియుండినచో ప్రభుత్వమునకు ఆ వింత యాలోచన పుట్టెడిదేనా?

పప్పులో కలుపు చూర్ణమును మఱచిపోలేదు. అందులో నేముండునో అమ్మువాడు చెప్పడు. కొన్నియిండ్లలో మందులషాపునుండి డైసల్ఫిరాము మాత్రలే తెచ్చి, నూఱి, రోగికి తెలియకుండ పెట్టుదురు. 1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఆ మందు మద్యము శరీరమున జీర్ణమగు దారిని మధ్యలో నడ్డగించును. దానిపై త్రాగినవానికి ముఖ మెఱ్ఱబడి, గుండె దడదడలాడి, వాంతులయి, రక్తపుపోటు పడిపోవును. తెలిసి మ్రింగినవానికి ఆ భయమే కంచె. తెలియనివానికి అది విషప్రయోగము. గుండెజబ్బువానికి మరణము కూడ. భర్తను కాపాడుకొనవలెనని ఈ పని చేయు సోదరీమణుల బాధ నేనెఱుగుదును. ఐనను, ఆ మందే భర్తకు చెప్పి, వైద్యుని సమ్మతితో, ప్రతియుదయము మీ చేతితో మీరే ఇచ్చినచో అది నిజముగా పనిచేయు మందు. దొంగతనముగా నేల?

ఇక బండిలో వచ్చి ఎత్తుకొనిపోవు కేంద్రములమాట. నేను చూచిన యొకదానిలో ముప్పదిమందికి రెండు గదులు. వైద్యుడు "వచ్చుచుండును" అనిరి, ఎప్పుడో చెప్పలేదు. కొట్టుదురా యని యడిగిన, "క్రమశిక్షణ" యనిరి. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యమువలనను మత్తుమందులవలనను కలుగు మానసికవ్యాధులను తన పరిధిలోనికి తీసికొన్నది. ఆ చట్టప్రకారము రోగిని గొలుసుతో కట్టరాదు. సమ్మతిలేనివానిని చేర్చుకొనవలెనన్న ఇద్దఱు నిపుణులు వేర్వేరుగా పరీక్షించి, తనకో పరులకో హాని చేయుననియో, తన్ను తాను చూచుకొనలేడనియో తేల్పవలెను; మొదట ముప్పదిదినములకు మించి యుంచరాదు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టబడిన 28 మంది మానసికరోగులు మంటలలో మాడి చనిపోయిరి. అది జరిగిన పదాఱేండ్లకు వచ్చిన చట్టమిది. మీ కుమారుని చేర్పింపబోవుచోట రిజిస్ట్రేషను పత్రము చూపుమని యడుగుటకు మొగమాటమేల? వైద్యుడు ఏ దినములలో వచ్చును, రాత్రి మూర్ఛ వచ్చినచో ఏమి చేయుదురు, మేము వచ్చి చూడవచ్చునా, విడిచినపిమ్మట ఏడాదివఱకు ఎవరు కనిపెట్టియుందురు? ఈ నాలుగింటికి జవాబు చెప్పలేనివాడు మీ బిడ్డకు కాపలాదారు. అంతకు మించి యేమియు గాడు. ఎవరి నడుగవలెనో తెలియనివారికి 14446 అను వ్యసనవిముక్తి టెలిఫోను, మానసికారోగ్యమునకు 14416 అను టెలిమానస్ టెలిఫోను కలవు, రెండును ఉచితములే.

"విడిచినపిమ్మట" అను మాటపై కొంత నిలువవలెను. వారము పదిదినములలో శరీరమునుండి మద్యము దిగిపోవును. దానినే మనము 'నయమైనది' యందుము. అది చికిత్సకు వాకిలి మాత్రమే. తన భర్తను త్రాగుడు పొట్టనబెట్టుకొన్న పిదప శాంతి రంగనాథన్ గారు 1980లో మద్రాసున స్థాపించిన వైద్యశాలవారు మంజక్కుడి వంటి పల్లెలలో పదునైదుదినముల శిబిరములు నడపిరి. ఊరివారే చోటిచ్చి, భార్యలను పిలిచి కూర్చుండబెట్టి, ఊరిలోనే చికిత్స చేయించి, తరువాతను నెలలతరబడి విడువక కనిపెట్టుచుండిరి. త్రాగి పడిన వీథియందే త్రాగక నిలువ నేర్పుట యది. బెంగుళూరు నిమ్హాన్సులో 90 మంది రోగులపై జరిపి 2010లో ప్రకటించిన పరిశోధనలో, మరల జాఱకుండు విద్యను రోగికి మాత్రమే నేర్పుటకంటె ఇంటివారిని చేర్చుకొని నేర్పినప్పుడు త్రాగిన దినములు తగ్గెనని తేలినది. అమెరికాలో 1935లో పుట్టిన అజ్ఞాతమద్యపాయుల సంఘము, త్రాగి మానినవారే ఒకరి నొకరు నిలుపుకొను కూటమి, పైకము పుచ్చుకొనదు. వారి సమావేశములు మన పట్టణములలోను జరుగుచున్నవి. దేవునిమాట రుచింపనివారికి అది రుచింపకపోవచ్చును గాని, వెళ్లి చూచుటకు నష్టమేమి?

ఇంటివారిని చేర్చుకొనుట యనగానే మన పెద్దలు ఆ భారమంతయు భార్య నెత్తిన పెట్టి చేతులు దులుపుకొందురు. ఆమె సరిగా వండలేదు కాబట్టి త్రాగినాడు. ఆమె నోరు మంచిది కాదు కాబట్టి మరల త్రాగినాడు. కొట్టినను ఓర్చుకొన్నచో మారునట! చికిత్సాస్థానము నెన్నుకొనునపుడు ఆ యింటిలో ఆమెకును బిడ్డలకును భద్రత కలదా యనునదియు రోగి పరీక్షలో భాగమే. లేనిచో ఇంటియొద్ద మాన్పించు మార్గమును విడిచిపెట్టవలెను. ఆమె పుట్టినింటికి పోవుట ద్రోహము కాదు. 2005వ సంవత్సరపు గృహహింసాచట్టము ఆమె కొఱకే కలదు.

మా యింటి కథలో మిగిలినది కొంత కలదు. చనిపోయినవాని తమ్ముడును త్రాగుచుండెను. అన్న పోయిన రెండేండ్లకు అతనికిని చేతులు వడకసాగినవి. ఈసారి వదినెగారే ముందు పడి అతనిని జిల్లా ఆసుపత్రికి తీసికొనిపోయెను. వారు పరీక్షించి, మునుపు మూర్ఛలు రాలేదని తెలిసికొని, మాత్రలిచ్చి దినమును వచ్చి కనబడుమనిరి. తొమ్మిది దినములు బస్సులో పోయి వచ్చెను. పిదప పక్షమున కొకసారి. పదునొకండు నెలలు నిలిచి, చెల్లెలి పెండ్లిలో త్రాగెను. నేను వెళ్లునప్పటికి వాకిట కూర్చుండి తలయెత్తలేదు. పెద్దలలో నొకరు మరల గదిమాట యెత్తబోయిరి. వదినెగారు అతని ఆసుపత్రి చీటీల సంచి తెచ్చి నా చేతిలో పెట్టి, మొదటి బస్సు ఆఱుగంటలకని చెప్పిరి.